బొజ్జ చూసి మురిసిపోయాం
(పిల్లికూనల కడుపులో పురుగుల గురించి మేము నేర్చుకున్న పాఠం)

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అంటుంటారు. బదిలీ ఉత్తర్వు వచ్చి సామాను కట్టేటప్పుడు మా అమ్మలు కూడా ఈ మాట అని నవ్వుతారు. అందుకేనేమో, కూనల్ని నోట కరుచుకుని చోటు మార్చే తల్లిపిల్లి కనిపిస్తే మనలాంటి పిల్లలకు అది మన మనిషే అనిపిస్తుంది.

మేము ఖరగ్‌పూర్‌లో చదువుకుంటున్న తెలుగు పిల్లలం. మాలో నలుగురి నాన్నలు రైల్వేలో పనిచేస్తారు. ఒకరి నాన్నగారిది కలైకుండ వైమానిక స్థావరంలో ఉద్యోగం. ఈ సంగతి జరిగినప్పుడు ఎనిమిదో తరగతి చివర్లో ఉన్నాం. అప్పుడు ఐదుగురం, ఇప్పుడు నలుగురం. ఐదో నేస్తం ఎక్కడికి వెళ్ళిందో చివర్లో చెబుతాం.

సంక్రాంతి రోజు మా క్వార్టర్ల మెట్ల కింద, పాత సైకిల్ టైర్ల మధ్య, ఒక బూడిదరంగు పిల్లి నాలుగు కూనల్ని పెట్టింది. ఇంకా కళ్ళు తెరవలేదు. వాటికి బూడిద, మచ్చ, పండు, బొజ్జన్న అని పేర్లు పెట్టుకున్నాం. మూడు వారాలు దాటేసరికి బొజ్జన్న పొట్ట బుర్రలా గుండ్రంగా తయారైంది. తల్లిపాలు ఎక్కువ తాగేది వీడేనని అందరికీ చూపించి మురిసిపోయాం. మేము ముద్దుగా పెట్టిన ఆ పేరే వాడి జబ్బు పేరని అప్పుడు మాకు తెలియదు.

మాత్ర ఇచ్చిన రోజు

ఫిబ్రవరి 10 మనందరికీ తెలిసిన రోజే. జాతీయ నులిపురుగుల నివారణ దినం. 2015 నుంచి మన దేశంలో బడులు, అంగన్‌వాడీల్లో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. ఆగస్టు 10న కూడా ఇస్తారు. 2 ఏళ్ళు దాటినవారికి 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, అంతకన్నా చిన్నవారికి అందులో సగం. ఆ రోజు మేమూ తరగతిలో మాత్ర నమిలి మింగాం.

సాయంత్రం మాలో ఒకరు జేబులోంచి చిన్న ముక్క తీశారు. తన మాత్రలో పావు వంతు దాచి తెచ్చారు. “మనకు మంచిదైతే బొజ్జన్నకూ మంచిదే కదా” అన్నారు. మిగతావాళ్ళం తటపటాయించాం. చివరికి పక్క క్వార్టర్ ఆంటీ చూసి, “తెలియని మందు పసికూనకు పెడతారా? పారేయండి” అని గట్టిగా కోప్పడ్డారు. పారేశాం. ఆవిడ కోపం ఎంత మేలు చేసిందో తర్వాత లెక్క వేసుకుంటే తెలిసింది.

ఆ లెక్క మీరూ వేయండి. మాత్ర మింగిన పిల్లవాడి బరువు 35 కిలోలు అనుకుందాం. అంటే 35,000 గ్రాములు. నాలుగు వారాల కూన సుమారు 350 గ్రాములు ఉంటుంది. కూనకన్నా పిల్లవాడు 100 రెట్లు బరువు. బరువు లెక్కన చూస్తే మాత్రలో నూరో వంతే కూన వాటా. మేము పెట్టబోయింది పావు వంతు, అంటే అంతకు 25 రెట్లు. పైగా ఆల్బెండజోల్ వాడిన కొన్ని పిల్లుల్లో రక్తం తయారయ్యే ఎముక మజ్జ దెబ్బతిన్నట్లు పశువైద్యులు గమనించారు. కాబట్టి తక్కువ మోతాదైనా మనంతట మనం ఇవ్వాల్సిన మందు కాదది.

అయితే ముక్క పారేశాక మేము చేయవలసిన రెండో పని చేయలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. రెండు రోజులు ఊరుకున్నాం.

బొజ్జన్న

12వ తేదీ పొద్దున బొజ్జన్న కక్కుకున్నాడు. పాలతో పాటు సేమ్యా పోగుల్లాంటి తెల్లని పురుగులు రెండు పడ్డాయి. ఒకటి ఇంకా మెలికలు తిరుగుతోంది. రాత్రికి విరేచనాలు పట్టుకున్నాయి. మర్నాడు బడి కాగానే నాలుగింటినీ అట్టపెట్టెలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాం.

డాక్టరుగారు బెంగాలీ కలిపిన హిందీలో మాట్లాడారు. ‘క్రిమి’ అనే మాట వినగానే మాకు విషయం అర్థమైంది. ఆయన ముందు కూనల్ని ఒక్కొక్కటిగా తూచారు. మచ్చ 410 గ్రాములు, బూడిద 380, పండు 360. అందరికన్నా లావుగా కనిపించిన బొజ్జన్న 290 గ్రాములే! వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయి. చిగుళ్ళు గులాబీరంగులో ఉండాల్సింది పాలిపోయి ఉన్నాయి.

“కూన పుట్టినప్పుడు 100 గ్రాముల చుట్టూ ఉంటుంది. ఆ తర్వాత వారానికి ఇంచుమించు మరో 100 గ్రాములు పెరగాలి. మీరు పొట్ట చూశారు, బరువు చూడలేదు” అన్నారాయన. తిట్టినట్టు కాదు, పాఠం చెప్పినట్టే అన్నారు. బొజ్జన్న ఒంట్లో నీరు తగ్గిపోయిందని చర్మం కింద సెలైన్ ఎక్కించారు. ఒళ్ళు చల్లబడకుండా గుడ్డలో చుట్టి ఉంచమన్నారు. ఆ రాత్రి వంతులవారీగా కూర్చున్నాం. తెల్లవారకముందే వాడు చనిపోయాడు.

పురుగులు మాత్రమే కారణమని కచ్చితంగా చెప్పలేనని, కానీ వాటివల్ల నీరసించిన ఒంటికి విరేచనాలు తట్టుకునే శక్తి లేకపోయిందని డాక్టరుగారు చెప్పారు. పది రోజుల ముందు తెచ్చి ఉంటే అని మేము అడగలేదు. అడగకపోయినా జవాబు మాకు తెలుసు.

పురుగు ఎలా చేరింది?

తల్లిపాలు తప్ప మరేమీ తాగని కూన కడుపులోకి పురుగులు ఎక్కడినుంచి వచ్చాయి? మా మొదటి ప్రశ్న ఇదే. జవాబు విని ఆశ్చర్యపోయాం. తల్లిపాల నుంచే.

పిల్లుల్లో ఎక్కువగా కనిపించే ఏలికపాము పేరు టాక్సోకారా కాటి. మనుషుల్లో ఉండే ఏలికపాముకు ఇది చుట్టమే. పెరిగితే 3 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. తల్లిపిల్లి ఒంట్లో తిరుగుతున్న ఈ పురుగు పిల్లలు, అంటే లార్వాలు, పాలగ్రంథుల్లోకి చేరి పాలతో పాటు కూనల కడుపులోకి పోతాయి. కుక్కల ఏలికపాము అయితే తల్లి కడుపులో ఉండగానే కుక్కపిల్లకు సోకుతుంది. పిల్లుల్లో అలా జరగదు. పుట్టాక, పాల దారినే వస్తుంది.

రెండో దారి మట్టి. పెద్ద ఆడపురుగు రోజుకు వేల గుడ్లు పెడుతుంది. అవి మలంతో బయటపడతాయి. పడిన వెంటనే వాటివల్ల ప్రమాదం లేదు. గుడ్డులోపల లార్వా తయారవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ తర్వాత ఆ గుడ్డు కూన నోట్లోకి పోతే లార్వా పేగులో బయటికి వచ్చి, పేగు గోడ తొలుచుకుని, కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. అక్కడినుంచి దగ్గుతో గొంతులోకి వచ్చి, మింగుడుతో మళ్ళీ పేగులోకి దిగి పెద్దదవుతుంది. ఎలుకల ఒంట్లో కూడా ఈ లార్వాలు దాగి ఉంటాయి. ఎలుకను తిన్న పిల్లికి అలా మూడో దారిలో వస్తాయి.

పేగులో చేరిన పురుగులు కూన తిన్నదానిలో వాటా తీసుకుంటాయి. పొట్ట ఉబ్బుతుంది, ఒళ్ళు చిక్కిపోతుంది. బొచ్చు మెరుపు తగ్గుతుంది. వాంతులు, విరేచనాలు అవుతాయి. మరీ ఎక్కువైతే ఉండలుగా చుట్టుకుని పేగుకే అడ్డుపడతాయి.

ఇంకో రెండు రకాలు

కొంకిపురుగులు చాలా చిన్నవి, కంటికి సులువుగా ఆనవు. ఇవి పేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తాయి. చిగుళ్ళు పాలిపోవడం, మలం నల్లగా తారులా ఉండడం వీటి గుర్తులు. వీటి లార్వాలు చర్మంలోంచి కూడా దూరగలవు. చెప్పులు లేకుండా తడిమట్టిలో తిరగొద్దని పెద్దవాళ్ళు చెప్పేది ఊరికే కాదు.

బద్దెపురుగు కథ వేరు. అది గోమారి లాంటి చిన్న గెంతుడు పురుగుల ద్వారా వస్తుంది. పిల్లి ఒళ్ళు నాక్కునేటప్పుడు వాటిని మింగుతుంది. వాటి లోపలున్న బద్దెపురుగు లార్వా పేగులో పెరుగుతుంది. తోక కింద బొచ్చుకు బియ్యపుగింజల్లాంటి ముక్కలు అంటుకుని కనిపిస్తే అది బద్దెపురుగే. ఏప్రిల్‌లో మచ్చకు ఇలాగే కనిపించింది. ఏలికపాము మందు దీనికి పనిచేయదు. డాక్టరుగారు ప్రాజిక్వాంటెల్ అనే మరో మందు ఇచ్చి, సన్నపళ్ళ దువ్వెనతో రోజూ దువ్వమన్నారు. ఒంటిమీది పురుగులు పోకపోతే బద్దెపురుగు మళ్ళీ వస్తుంది. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు మాత్రం పిల్లులకు ఎప్పుడూ రాయకూడదట. అది వాటి ప్రాణం తీయగలదు.

పరీక్షలో ఏమీ లేదు, అయినా మందెందుకు?

ఆ 13వ తేదీనే మిగతా మూడు కూనల మలాన్ని డాక్టరుగారు సూక్ష్మదర్శినిలో చూశారు. ఒక్క గుడ్డు కూడా లేదు. మేము సంతోషించాం. ఆయన మాత్రం మందు కలపడం మొదలుపెట్టారు.

మలపరీక్షలో కనిపించేవి పురుగులు కావు, వాటి గుడ్లు. పాలతో వచ్చిన లార్వా పెరిగి గుడ్లు పెట్టడానికి సుమారు ఏడు వారాలు పడుతుంది. నాలుగు వారాల కూన కడుపులో పురుగులు ఉన్నా గుడ్లు ఉండవు. గుడ్లు కనిపించేదాకా ఆగితే కూనకు అత్యంత ప్రమాదమైన కాలం గడిచిపోతుంది. అందుకే పరీక్షతో పని లేకుండా మూడు వారాల వయసులోనే మందు మొదలుపెట్టాలి. మా కూనలకు ఆ తేదీ ఫిబ్రవరి 4. మేము తొమ్మిది రోజులు ఆలస్యంగా వెళ్ళాం.

ఆయన ఇచ్చింది పైరాంటెల్ అనే ద్రవం. సూది లేని సిరంజీతో, తూకం ప్రకారం, బుగ్గ పక్కనుంచి కొద్దికొద్దిగా నోట్లో వేశారు. ఏలికపాము పేగులో కరుచుకుని ఉండదు. పేగు కదలికకు ఎదురీదుతూ నిలబడుతుంది. పైరాంటెల్ దాని కండరాలను బిగుసుకుపోయేలా చేస్తుంది. ఈదలేని పురుగు మలంతో కొట్టుకుపోతుంది. మర్నాడు పండు మలంలో ఏడు పురుగులు లెక్కపెట్టాం. చూడటానికి అసహ్యంగా ఉన్నా ఆ రోజు మాకు ఎంత ధైర్యం వచ్చిందో!

ఒక్కసారి చాలదు

ఈ పాఠంలో అసలు ముక్క ఇదే. పైరాంటెల్ పేగులో ఉన్న పురుగులమీదే పనిచేస్తుంది. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిరుగుతున్న లార్వాలను అది తాకదు. అవి కొన్నాళ్ళకు పేగులోకి దిగుతాయి. ఈలోగా పాలతో కొత్తవి వస్తూనే ఉంటాయి. ఒకసారి మందు వేసి చేతులు దులుపుకుంటే, నెల తిరిగేసరికి కథ మొదటికి వస్తుంది.

అందుకే మందు వేసే క్రమం ఇలా ఉంటుంది. మూడు వారాల వయసునుంచి, తల్లిపాలు మానేసిన రెండు వారాల వరకు, రెండేసి వారాలకు ఒకసారి. తర్వాత ఆరు నెలలు నిండేదాకా నెలకొకసారి. ఆపైన బయట తిరిగే పిల్లి అయితే సాధారణంగా మూడు నెలలకు ఒకసారి. ప్రతిసారీ కొత్తగా తూచాలి. ఎందుకంటే రెండు వారాల్లో కూన బరువు చాలా మారిపోతుంది. పాలిచ్చే తల్లికి కూడా అదే రోజుల్లో మందు పడాలి. మా తల్లిపిల్లి చేతికి చిక్కేది కాదు. డాక్టరుగారు ఇచ్చిన మాత్రను చేపముక్కలో దాచి పెట్టాం. ఖరగ్‌పూర్‌లో చేపముక్కకు కొదవ లేదు కదా!

మేము తేదీలు రాసుకున్నాం: ఫిబ్రవరి 13, ఫిబ్రవరి 27, మార్చి 13, మార్చి 27, ఆ తర్వాత నెలనెలా 27. మార్చి 13న మర్నాడు లెక్కల పరీక్ష. అందరం పుస్తకాల్లో మునిగి కూనల సంగతే మరిచిపోయాం. రాత్రి ఎనిమిదింటికి ఒకరి అమ్మ గోడమీది కాగితం చూసి గుర్తుచేశారు. మనకు గుర్తుంటుందిలే అనుకోకూడదని ఆ రోజు తెలిసింది. తేదీ ఎప్పుడూ కాగితం మీదే ఉండాలి.

మనకూ జాగ్రత్తే

పిల్లుల, కుక్కల ఏలికపాము గుడ్లు పొరపాటున మన నోట్లోకి పోతే లార్వాలు మన ఒంట్లో తిరుగుతాయి. పెద్దవి కాలేవు కానీ కాలేయానికి, అరుదుగా కంటికి హాని చేస్తాయి. 1952లో అమెరికాలో పాల్ బీవర్, ఆయన సహచరులు జబ్బుపడ్డ పిల్లల్లో ఈ లార్వాలను గుర్తించి ఆ జబ్బుకు విసెరల్ లార్వా మైగ్రాన్స్ అని పేరు పెట్టారు.

ఇది చదివి పిల్లుల్ని తరిమేయకండి. భయపడాల్సింది కూనను చూసి కాదు, వారాలతరబడి ఎత్తకుండా వదిలేసిన మలాన్ని, మట్టిని చూసి. గుడ్డు ప్రమాదకరం కావడానికి రెండు వారాలైనా పడుతుందని చెప్పుకున్నాం. రోజూ మలం ఎత్తి పారేస్తే ఆ గొలుసు తెగిపోతుంది. ఆ గుడ్లకు పైన మందమైన పొర ఉంటుంది కాబట్టి మామూలు ఫినాయిల్‌ను నమ్ముకోలేం. గచ్చుమీద మరిగే నీళ్ళు పోయాలి. కూనల్ని ముట్టుకున్నాక, మట్టిలో ఆడుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

పండుకో కార్డు

ఏప్రిల్‌లో మా వైమానిక దళం నేస్తం నాన్నగారికి జోధ్‌పూర్ బదిలీ అయింది. పండును తనతో తీసుకెళ్తానని ఇంట్లో ఒప్పించింది. మాకు సంతోషమూ, దిగులూ రెండూ కలిగాయి. జూన్ మొదట్లో వాళ్ళు వెళ్తారు. జూన్ 27న మందు పడాలి. కొత్త ఊరు, సామాను విప్పడం, బడిలో చేరడం. ఆ హడావుడిలో తేదీ దాటిపోతే?

మనం బడి మారినప్పుడు ఏం చేస్తాం? టీసీ తీసుకెళ్తాం. ఎక్కడిదాకా చదివామో అందులో ఉంటుంది కాబట్టి కొత్త బడిలో మళ్ళీ మొదటినుంచి చెప్పనక్కర్లేదు. పండుకూ అలాంటి కార్డు తయారుచేశాం. పేరు, పుట్టిన తేదీ, ప్రతిసారీ బరువు, మందు పేరు, మోతాదు, వేసిన తేదీ, వేయాల్సిన తేదీ. డాక్టరుగారు చూసి, నవ్వి, కింద సంతకం చేసి ఇచ్చారు.

జూలైలో జోధ్‌పూర్‌నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి డాక్టరు కార్డు చదివి, తూకం వేసి, వెంటనే మందు వేశారట. పండు ఇప్పుడు రెండు కిలోలు దాటింది. పొట్ట లోపలికి ఉందని, వెన్నుపూసలు తగలడం లేదని ప్రత్యేకంగా రాసింది.

బూడిద, మచ్చ, వాటి తల్లి మా దగ్గరే ఉన్నాయి. మేమూ ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళిపోయేవాళ్ళమే. అందుకని వాటి కార్డులను ఒక నోటుపుస్తకంలో అంటించి, ఎనిమిదో తరగతి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అప్పగించాం. మొదటి పేజీలో బొజ్జన్న పేరు రాశాం. పక్కన ఒకే తూకం, ఒకే తేదీ ఉన్నాయి.

గుర్తుంచుకోండి

1. పొట్ట చూసి కాదు, బరువు చూసి కూన ఆరోగ్యం తెలుసుకోవాలి. వారానికొకసారి వంటింటి తూకంమీద గిన్నె పెట్టి తూచండి.
2. మూడో వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పురుగులు కనిపించేదాకా ఆగవద్దు.
3. మనుషుల మాత్రలు పెట్టవద్దు. పారాసిటమాల్ పిల్లికి విషం. పురుగులు పోతాయని వెల్లుల్లి పెట్టడం కూడా హానికరమే.
4. వాంతులు, విరేచనాలు, పాలిపోయిన చిగుళ్ళు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. కూనకు మర్నాటిదాకా సమయం ఉండకపోవచ్చు.
5. ఊరు మారినా కార్డు వెంట ఉండాలి.

మీరూ లెక్క వేయండి

ఆగస్టు 1న పుట్టిన కూనకు మొదటి మందు ఏ తేదీన పడాలి? అది ఎనిమిది వారాలకు పాలు మానేస్తే, రెండేసి వారాల మందు ఏ తేదీ వరకు సాగాలి? తేదీలన్నీ వరుసగా రాసి, మీ కాలనీలో కూనలున్న ఇంటి గోడకు అంటించండి.

తొమ్మిదో తరగతి తెలుగు విద్యార్థులు